ఇల్లు మారేటప్పుడు బరువు ఎవరు మోయాలి?

ఇల్లు మారాలని తేలిన రోజునే ఇంట్లో ఒక చర్చ మొదలవుతుంది. సామాను తరలించే సంస్థను పిలిచి అంతా వాళ్లకే అప్పగించాలా, లేక ఒక వ్యాను మాట్లాడుకొని, తెలిసినవాళ్లు నలుగురు చెయ్యి వేస్తే మనమే మార్చుకోవాలా అన్నది ఆ చర్చ. అది దాదాపు ప్రతిసారీ డబ్బు దగ్గర మొదలై డబ్బు దగ్గరే ఆగిపోతుంది. సంస్థ అడిగిన మొత్తాన్ని ఒక పక్క, వ్యాను అద్దెను మరో పక్క రాసుకొని, 'ఇంత తేడా ఉన్నప్పుడు మనమే చేసుకుందాం' అనో, 'ఈ మాత్రం దానికి నడుములు విరగ్గొట్టుకోవడం ఎందుకు' అనో తేల్చేస్తారు. అయితే ఆ రెండు అంకెలూ ఒకే పనికి చెప్పిన ధరలు కావు. వ్యాను అద్దె బండికి మాత్రమే ఇచ్చే డబ్బు. సంస్థ చెప్పిన మొత్తంలో బండితో పాటు సర్దే చేతులు, మోసే భుజాలు, అట్టపెట్టెలు, కొంతమేరకు నష్టానికి పూచీ కూడా కలిసి ఉంటాయి.

కాబట్టి ముందు ఆ మూటను విప్పి చూడాలి. ఇల్లు మారడంలో నాలుగు పనులు ఉన్నాయి: సామాను సర్దడం, దాన్ని గదిలోంచి బండి దాకా, బండిలోంచి కొత్త గది దాకా మోయడం, బండిలో ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చడం, మధ్యలో ఏదైనా విరిగినా పోయినా ఆ నష్టాన్ని భరించడం. వీటిలో దేనికి కావలసిన నైపుణ్యం దానిదే, దేనిలో ఉన్న ప్రమాదం దానిదే. నాలుగింటినీ ఒకరికే ఇచ్చి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. ఏ పని ఎవరికి, ఏ వస్తువు ఎవరికి అని విడివిడిగా అడగడం మొదలుపెట్టిన ఇంట్లో ఈ చర్చ చాలా త్వరగా తెగుతుందని నా నమ్మకం.

మోతతో మొదలుపెడతాను, ఎందుకంటే మనుషులు తమ శక్తిని ఎక్కువగా ఊహించుకునేది ఇక్కడే. 40 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఒక అట్టపెట్టెను తీసుకుందాం. చూడడానికి చిన్నదే. దానిలో పట్టే చోటు 36 లీటర్లు. అందులో దిళ్లు పెడితే పిల్లలు కూడా ఎత్తగలరు. అదే పెట్టెలో పుస్తకాలు సందు లేకుండా పేరిస్తే, కాగితం నీటికంటే తేలికైనదే అయినా, బరువు అటూ ఇటుగా 25 కిలోలకు చేరుతుంది. అమెరికాలో పనిచోట్ల ఆరోగ్య భద్రతను అధ్యయనం చేసే నియోష్ అనే జాతీయ సంస్థ, బరువులు ఎత్తడానికి 1991లో సవరించిన సూత్రంలో, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఎత్తదగిన బరువు 23 కిలోలు అని పెట్టింది. అనుకూలంగా అంటే నడుము తిప్పకుండా, మంచి పట్టుతో, వస్తువు ఒంటికి దగ్గరగా ఉండగా, నేల మీద నుంచి కాక చేతికందే ఎత్తు నుంచి, ఎప్పుడో ఒకసారి ఎత్తడం. ఇల్లు మారే రోజున వీటిలో ఒక్కటి కూడా నిజం కాదు.

ఆ సూత్రంలోనే మరో సంగతి ఉంది. బరువు పట్టుకున్న చేతులు చీలమండలకు 25 సెంటీమీటర్ల ముందు ఉన్నప్పుడే ఆ 23 కిలోలు. ఆ దూరం 50 సెంటీమీటర్లయితే హద్దు సగానికి, అంటే 11.5 కిలోలకు పడిపోతుంది. బరువు ఒంటికి దూరమయ్యేకొద్దీ దాన్ని తుల్యం చేయడానికి నడుము కండరాలు మరింత బలంగా లాగవలసి వస్తుంది, ఆ ఒత్తిడి వెన్నెముక అడుగుభాగం మీద పడుతుంది. పెద్ద పెట్టెను ఛాతీకి ఆనించి పట్టుకోలేం కనుక, అదే బరువు పెద్ద పెట్టెలో ఉన్నప్పుడు ఎక్కువ హాని చేస్తుంది. బరువైనవి చిన్న పెట్టెల్లో, తేలికైనవి పెద్ద పెట్టెల్లో సర్దాలని అనుభవం ఉన్న పనివాళ్లు పట్టుబట్టేది ఇందుకే. ఈ మాట పాటించి, చిన్న పెట్టెను కూడా పూర్తిగా పుస్తకాలతోనే నింపకపోతే పెట్టెల మోత మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లు ఎవరైనా చేసుకోగలిగిన పనే. పెట్టెల కోసం మాత్రమే సంస్థను పిలవనవసరం లేదు.

పెద్ద వస్తువుల సంగతి అలా కాదు. ముందు తలుపు ఉండే వాషింగ్ మెషిన్ చాలావరకు 60 నుంచి 80 కిలోల మధ్య తూగుతుంది. బట్టలు తిరిగేటప్పుడు యంత్రం గెంతకుండా లోపల కాంక్రీటు దిమ్మల వంటి బరువులు బిగించడం దీనికి ఒక కారణం. దాని డ్రమ్ము స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. కొన్నప్పుడు వెనక బిగించి వచ్చిన పొడవాటి ట్రాన్సిట్ బోల్టులను మళ్లీ బిగించకుండా తరలిస్తే, బండి కుదుపులకు డ్రమ్ము ఊగి లోపలి భాగాలను దెబ్బతీస్తుంది. ఆ బోల్టులు ఎక్కడ దాచామో మనకే తెలియాలి. ఎంత పేరున్న సంస్థ అయినా వాటిని తనతో తీసుకురాదు. ఫ్రిజ్‌ను ఒకరోజు ముందే ఆపి, గడ్డకట్టిన మంచు కరిగించి, నిలబెట్టే తీసుకెళ్లాలి. పడుకోబెడితే కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి పారుతుంది. తప్పనిసరై పడుకోబెట్టవలసి వస్తే, కొత్త ఇంట్లో నిలబెట్టాక నూనె వెనక్కి దిగేందుకు కొన్ని గంటలు ఆగి, ఆ తర్వాతే కరెంటు ఇవ్వాలి. టీవీ తెరనూ అద్దపు బల్లనూ కూడా నిలువుగానే ఉంచాలి.

మెట్ల విషయం నాకు అనుభవంతో తెలిసింది. ఒకసారి మూడో అంతస్తు నుంచి ఇనప బీరువాను నేను, మా తమ్ముడు, ఇద్దరు స్నేహితులు కలిసి దించాం. నలుగురం ఉన్నాం కదా, నాలుగో వంతు బరువే కదా అనుకున్నాం. మెట్ల మీద బీరువా వాలగానే బరువంతా కింది ఇద్దరి మీదకు జారింది; పైనున్న మేమిద్దరం మోయడం మానేసి, జారకుండా పట్టుకొని నిలబడ్డాం. మెట్లు మలుపు తిరిగే చోట బీరువా అటూ తిరగలేదు, ఇటూ రాలేదు. దాని పాదం గోడ సున్నాన్ని గీసుకుంటూ పోయింది. ఒక స్నేహితుడి వేళ్లు కటకటాలకూ బీరువా రేకుకూ మధ్య ఇరుక్కున్నాయి. అయిదు నిమిషాలపాటు ఎవరూ బరువు వదలలేక, ఎవరూ కదల్లేక అలాగే ఉండిపోయాం. వేళ్లు విరగలేదు గానీ, గోరు ఊడి మళ్లీ రావడానికి నెలలు పట్టింది. కొత్త ఇంట్లో నిలబెట్టాక బీరువా చట్రం మెలితిరిగి తాళం పడలేదు. ఆ రోజు నన్ను బాధపెట్టింది బీరువా కాదు. నా డబ్బు మిగలడం కోసం సాయానికి వచ్చిన మనిషి చేతికి దెబ్బ తగిలింది.

అదే పని తెలిసినవాళ్లు చేసుంటే ముందుగా టేపు తీసి మలుపు వెడల్పు, పైకప్పు ఎత్తు కొలిచేవారు, బీరువా తలుపులు ఊడదీసి బరువు తగ్గించేవారు, భుజాల మీదుగా పట్టీలు వేసుకొని మోసేవారు, ఎవరు ఎప్పుడు అడుగు వేయాలో ఒకరే చెప్పేవారు. అనుభవానికి ఇచ్చే డబ్బు నిజంగా ఫలించేది ఇక్కడే. ఇళ్ల మధ్య దూరం చూసి నిర్ణయించుకునేవాళ్లే ఎక్కువ గానీ, నా లెక్కలో దానికంటే ముందు చూడవలసినవి మెట్లు, మలుపులు, లిఫ్టు కొలతలు, గుమ్మం నుంచి బండి ఆగే చోటుకు ఉన్న నడక. వంద కిలోమీటర్ల దూరం బండి మోస్తుంది, మూడు అంతస్తులు మనిషే మోయాలి.

సర్దడంలో సమస్య బరువు కాదు, సమయం. ఒక ఇంట్లో 50 పెట్టెల సామాను ఉందనీ, పెట్టెకు 25 నిమిషాలు పడుతుందనీ అనుకుంటే, దాదాపు 21 గంటల పని. రోజుకు గంట చొప్పున మూడు వారాలు కేటాయించగలిగితే అది ఎవరికీ భారం కాదు; చివరి రెండు రోజులకు నెట్టుకుంటే నిద్ర ఉండదు, పగిలేవి ఎక్కువవుతాయి. సంస్థవాళ్లు నలుగురైదుగురు కలిసి ఒక్క పూటలో సర్దేస్తారు, అదీ వాళ్ల బలం. వాళ్లు కనబడినదల్లా సర్దుతారు, అదీ వాళ్ల బలహీనత. పనికిరాని పాత కాగితాలు, మూత లేని డబ్బాలు, ఎప్పటికీ వేసుకోని బట్టలు అన్నీ శ్రద్ధగా చుట్టి, టేపు వేసి, మన చేత డబ్బు కట్టించుకొని కొత్త ఇంటికి చేరుస్తారు. ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చే పని మాత్రం ఎవరికీ అప్పగించలేం. అందుకని పూర్తిగా సంస్థకే ఇచ్చినా, సర్దడానికి ముందు ఒకసారి ఏరివేయడం మన పనే.

పగిలేవాటిని సర్దడం నేర్చుకోదగిన విద్యే. పళ్లేలను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి అంచుల మీద నిలువుగా నిలబెట్టాలి, ఎందుకంటే పడుకోబెట్టిన దొంతరలో కుదుపు వచ్చినప్పుడల్లా పైవాటి బరువంతా అడుగు పళ్లెం మీదే పడుతుంది. పెట్టె అడుగున మెత్త, పైన మెత్త, మధ్యలో ఖాళీ లేకుండా కాగితపు ఉండలు కూరాలి. మూత వేసి మెల్లగా కదిలిస్తే లోపల చప్పుడు వినిపించకూడదు. వినిపిస్తే సర్దడం పూర్తికాలేదు. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకల సామాను మాత్రం వేరే జాతి. అసలు చెక్కలో మర ఎన్నిసార్లు తీసి బిగించినా కొంతవరకు నిలుస్తుంది, ఈ పలకల్లో ఒకటి రెండుసార్లకే మర చుట్టూ పొట్టు రాలి పట్టు పోతుంది. విప్పకుండా మోస్తే కీళ్ల దగ్గర చీలుతుంది. ఇలాంటి బీరువాలకూ అరలకూ పూచీ పడబోమని చాలా సంస్థలు ముందే రాసుకుంటాయి. తరలింపు ఖర్చుకు తగిన విలువ అందులో మిగిలి ఉందా అని చూసి, లేదనిపిస్తే ఎవరికైనా ఇచ్చి వెళ్లడం మేలు.

బండి ఎంపికలో పెట్టెలను లెక్కబెట్టి మోసపోతాం. పైన చెప్పిన కొలత పెట్టెలు 50 కలిపితే 1.8 ఘనమీటర్లు మాత్రమే. 190 సెంటీమీటర్ల పొడవు, 150 వెడల్పు, 20 మందం ఉన్న పరుపు ఒక్కటే 0.57 ఘనమీటర్లు, మామూలు నిలువు ఫ్రిజ్ సుమారు 0.66, రెండు తలుపుల పెద్ద బీరువా 1.4 పైన. అంటే మూడు వస్తువులు కలిసి యాభై పెట్టెలను మించిన చోటు తీసుకుంటాయి. బండి పరిమాణాన్ని నిర్ణయించేవి ఆ పెద్ద సామాన్లే కనుక కొలవవలసినది వాటిని. చోటు చాలక రెండో విడత వేయవలసి వస్తే, పక్క వీధికి మారేవాళ్లకు అది ఒక గంట పని, ఊరు మారేవాళ్లకు మొత్తం ఖర్చు మళ్లీ మొదటి నుంచి.

దూరాన్ని బట్టి ధర తీరు కూడా మారుతుంది. దగ్గరి తరలింపులో చెల్లించేది ప్రధానంగా మనుషుల గంటలకు. పెట్టెలు ముందే సర్ది గుమ్మం దగ్గర పేర్చి ఉంచితే ఆ గంటలు తగ్గుతాయి. దూరపు తరలింపులో సామాను పరిమాణం, కిలోమీటర్లు, బండి ఖాళీగా తిరిగి వెళ్లే ఖర్చు అన్నీ కలుస్తాయి. ఆ ఖర్చు తగ్గించడానికి కొన్ని సంస్థలు ఒకే బండిలో రెండు మూడు ఇళ్ల సామాను కలిపి తీసుకెళతాయి. ఇందులో డబ్బు మిగులుతుంది గానీ చేరే తేదీ ఖచ్చితంగా ఉండదు, మధ్యలో గోదాములో దించి మరో బండికి ఎక్కించడమూ జరగవచ్చు. వస్తువులకు దెబ్బలు ఎక్కువగా తగిలేది ఎత్తి దించే చోట్లలోనే కనుక, కలిపి పంపే సామాను మరింత గట్టిగా సర్ది ఉండాలి. పెద్ద బండిని స్వయంగా నడపాలనుకునేవాళ్లు తమ లైసెన్సు ఆ బండికి చెల్లుతుందో లేదో చూసుకోవాలి. బరువైనవి డ్రైవరు సీటు వెనక ఉండే ముందు గోడకు ఆనించి, అడుగున, రెండు పక్కలా సమంగా సర్దాలి. బరువంతా వెనక చివర పడితే ముందు చక్రాల మీద భారం తగ్గి స్టీరింగు పట్టు సడలుతుంది. నిండు బండి ఆగడానికి కారు కంటే ఎక్కువ దూరం పడుతుందన్నది మొదటి మలుపులో కాక ముందే తెలిసి ఉండాలి.

ఇక పూచీ. జనం తక్కువగా చదివేది, తర్వాత ఎక్కువగా బాధపడేది దీని గురించే. సంస్థను పెట్టుకున్నంత మాత్రాన నష్టం పూర్తిగా వాళ్లదైపోదు. చాలాచోట్ల సామాను తీసుకెళ్లే సంస్థ బాధ్యతకు ఒక పరిమితి ఉంటుంది, ఆ పరిమితిని వస్తువు విలువను బట్టి కాక బరువును బట్టి లెక్కగట్టే పద్ధతీ ఉంది. అలాంటప్పుడు రెండు కిలోల ల్యాప్‌టాప్ పోతే వచ్చే పరిహారం, ఇనప మంచం పోతే వచ్చేదానికంటే చాలా తక్కువ. మనం సర్దిన పెట్టె లోపల పగిలినవాటికి, పెట్టెకు బయట దెబ్బ కనబడకపోతే, తమకు సంబంధం లేదని సంస్థలు సాధారణంగా అంటాయి, అందులో న్యాయమూ లేకపోలేదు. బీమా తీసుకుంటే విలువ తక్కువ చేసి రాయడం పొదుపు కాదు. సామాను అసలు విలువలో సగమే ప్రకటిస్తే, ఒక్క వస్తువు పాడైనప్పుడు కూడా దాని నష్టంలో సగమే చెల్లించే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. బయట దెబ్బ లేకుండా యంత్రం లోపల చెడిపోతే అనేక పాలసీలు వర్తించవు. అందుకని బయలుదేరే ముందు టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ పనిచేస్తుండగా వీడియో తీసి పెట్టుకోవడం వృథా పోదు.

మనమే మార్చుకుంటే ఈ షరతుల గొడవ ఉండదు, నష్టమంతా మనదే. వస్తువుల వరకు అది ఫరవాలేదు. కానీ అడ్డా మీద నుంచి ఆ పూటకు పిలుచుకొచ్చిన కూలీకో, మొహమాటానికి వచ్చిన స్నేహితుడికో దెబ్బ తగిలితే చూసుకునే యజమాని వేరే ఎవరూ ఉండరు. సొంతంగా మారడానికి అయ్యే ఖర్చులో ఈ అవకాశాన్ని కూడా లెక్కవేయాలి. దాంతో పాటు పెట్టెలు, టేపు, ఇంధనం, పోగొట్టుకున్న పనిరోజులు, సాయం చేసినవాళ్ల భోజనాలు, గోడకు వేయించవలసిన సున్నం కూడా. ఇవన్నీ కలిపితే తేడా తగ్గుతుంది. అయినా సంస్థ ధర కంటే తక్కువే తేలే ఇళ్లు చాలా ఉంటాయి. ఆ ఇళ్లవాళ్లు నిస్సంకోచంగా సొంతంగానే మారవచ్చు.

సంస్థను పిలిచేటప్పుడు నేను ఒక్క విషయంలో రాజీపడను: ఇంటికి వచ్చి, లేదా వీడియోలో ప్రతి గదీ చూసి, లిఖితంగా ధర ఇవ్వనివాళ్లకు సామాను అప్పగించను. ఫోన్‌లో అందరికంటే తక్కువ చెప్పి, సామాను బండి ఎక్కాక 'అనుకున్నదానికంటే ఎక్కువ ఉంది' అంటూ ధర పెంచడం ఈ రంగంలో అన్నిచోట్లా ఉన్న మోసం. అప్పటికి మన ఇల్లంతా వాళ్ల బండిలో ఉంటుంది, బేరమాడే బలం మనకు ఉండదు. కొటేషన్ మీదున్న పేరు, రసీదు మీదున్న పేరు, బండితో వచ్చినవాళ్లు చెప్పే పేరు ఒకటే కావాలి. అంతస్తులు, నడక దూరం, మంచాలు విప్పి బిగించడం, ఎదురుచూపు, పన్నులు ధరలో కలిసి ఉన్నాయో లేవో రాసి ఉండాలి. ముందే మొత్తమంతా కోరేవాళ్లను వదిలేయాలి. ఎక్కించేటప్పుడు జాబితాలో 'గీతలు ఉన్నాయి', 'పాతది' అని వాళ్లు రాసుకునే మాటలను పక్కన నిలబడి చదవాలి, ఎందుకంటే తర్వాత నష్టం అడిగినప్పుడు బయటికొచ్చేది ఆ కాగితమే. దించాక పెట్టెలు లెక్కపెట్టి, దెబ్బలుంటే ఆ రసీదు మీదే రాసి, అప్పుడు సంతకం చేయాలి.

నన్నడిగితే చాలా ఇళ్లకు తగినది మధ్య దారి. బట్టలు, పుస్తకాలు, వంటింటి డబ్బాలు మనమే తీరిగ్గా సర్దుకోవాలి. గాజు, టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, బీరువాలు పనివాళ్లకు ఇవ్వాలి. కాగితాలు, నగలు, మందులు, ల్యాప్‌టాప్ ఎవరి బండిలోనూ వేయకుండా మనతోనే ఉంచుకోవాలి. గ్యాస్ సిలిండరు, రంగుల డబ్బాలు, పెట్రోలు వంటి మండే సరుకును సంస్థలు సాధారణంగా తీసుకోవు, మూసిన వ్యానులో వేయడం మనకూ ప్రమాదమే.

ఇది మీ ఇంటికి ఎలా వర్తిస్తుందో తేల్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. టేపు, కాగితం పట్టుకొని గది గదీ తిరగండి. ఒకరు ఎత్తగలిగినవి మొదటి వరుసలో, ఇద్దరు ఎత్తగలిగినవి రెండో వరుసలో, ఇద్దరికీ లొంగనివి, మెట్ల మలుపులో తిరగనివి, విప్పితే బిగించడం రానివి మూడో వరుసలో రాయండి. మూడో వరుస ఖాళీగా ఉండి, చేతిలో రెండు మూడు వారాలుంటే వ్యాను మాట్లాడుకోండి. అందులో మూడు నాలుగు వస్తువులే ఉంటే వాటి వరకే పనివాళ్లను పిలవండి. ఆ వరుస నిండిపోయినా, ఇంట్లో బరువు ఎత్తకూడని మనిషి ఉన్నా, వెళ్లవలసిన చోటు ఒక్క విడతలో తప్ప చేరలేనంత దూరమైనా, ముగ్గురి దగ్గర లిఖితంగా ధర తీసుకొని, వాటిలో నచ్చినవాళ్లకు పని అప్పగించండి.